ఇసుకలో తీసిన కొలత

రండమ్మా, రండి... అలా గుమ్మంలో కూర్చుంటే నా గొంతు మీదాకా రాదు. ఇలా నా మోకాలి దగ్గరకు జరగండి. చేతిలో పని ఉంటే చేసుకుంటూనే వినండి, కథకు చెవులు చాలు. ఇది మా అమ్మ వరహాలమ్మ కథ. సగం ఆమె చెప్పగా విన్నాను, సగం మా నాయనమ్మ రాజులమ్మ చెప్పగా విన్నాను, చివరి ముక్క మాత్రం నా కళ్ళతో చూశాను. నాకు చదువు రాదు గానీ, విన్నది మరిచిపోవడం కూడా రాదు!

ఆ ఉదయం మా నాన్న సింహాద్రి వాకిట్లో గోనెపట్టా పరిచి, అందులో ఒక పంచె, ఒక దుప్పటి, ఆరె, రంపె పెట్టి మూట కడుతున్నాడు. తోలుకు కన్నం పొడిచేది ఆరె, తోలు కోసేది రంపె. ఆ రెండూ మూటలోకి పోయాయంటే మనిషి ఊరు విడిచిపోతున్నట్టే! గడప లోపల మా అమ్మ గుంజ పట్టుకుని నిలబడింది. అప్పటికి ఆమెకు పద్దెనిమిదేళ్ళు. కడుపులో నేను, మూడో నెల. కంట నీరు ఆగడం లేదు...

"రంగం పోతానంతావేట్రా!" అని నాయనమ్మ గుండెలు బాదుకుంది. అప్పట్లో రంగూనును అందరూ రంగమనే అనేవారు. "మీ యన్న అప్పన్న పోయి ఆరేళ్ళయిపోనాది. ఉన్నాడో నేడో సెప్పే దిక్కు నేదు. ఉన్న ఒక్కడివీ పోతే మా గొంతులో గంజి పోసేదెవులురా?"

"ఇక్కడుంటే మాత్రం గంజెక్కడిదే అమ్మా? తోలేదీ? తోలు నేకుండా గాలిని కుట్టమంతావా?"

అతను అన్నదీ నిజమే. పలాస స్టేషనుకు కోసెడు దూరంలో, టెక్కలి పోయే బాట పక్కన ఉండేది మా తంగేడువాడ. ఇరవై ఇళ్ళు, ఇరవై ఇళ్ళలోనూ తోలు పనే! సున్నపు నీళ్ళలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, తంగేడు చెక్కా కరక్కాయా వేసిన లంద గోతిలో నెలల తరబడి ఊరబెడితే గానీ మా వాళ్ళు దాన్ని తోలు అనేవారు కాదు. ఆ వాసనకు ఊరివాళ్ళు ముక్కు మూసుకునేవారు. అదే తోలుతో కుట్టిన కిర్రు చెప్పులు వేసుకుని పెళ్ళికొడుకు నడిచొస్తుంటే మాత్రం వీధి వీధంతా తలుపులు తీసి చూసేది! ఉద్దానం రైతులు కవిటి నుంచీ, సోంపేట నుంచీ మా వాడను వెతుక్కుంటూ వచ్చేవారు. ఎండ వేళ ఆ తెల్ల ఇసుకలో, మొగలి ముళ్ళ మీద, మా చెప్పు లేకపోతే అడుగు పడేది కాదు మరి.

అంత బతుకూ నాలుగేళ్ళలో అడుగంటిపోయింది. జర్మనీ యుద్ధం వచ్చిందన్నారు. యుద్ధానికి తోలు కావాలన్నారు. పచ్చితోళ్ళ మీద ఉప్పు చల్లి, బళ్ళకెత్తి, స్టేషనుకు తోలుకుపోయేవారు వర్తకులు. చచ్చిన పశువు తోలు మా వాడకు రావడం మానేసింది. ఆ తోళ్ళు ఎక్కిన రైలే, ఎక్కడో మరలతో కుట్టిన బూట్లను పెట్టెల కొద్దీ తెచ్చి పలాసలో దింపేది... ఎవరిని తిట్టాలి? రైలును తిడితే వింటుందా!

మూట ముడి పడబోతోంది. సరిగ్గా అప్పుడే వాడ మొదట్లో ఎవరో కేక వేశారు. "పోలయ్యా! ఒరే పోలయ్యా!"

పోలయ్య మా తాత, అంటే మా నాన్నకు నాన్న. ఆ పిలిచింది జమీ కచేరీలో అమీను గణపతిరావు గారు. ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకుని, గాలి తన వైపు వీచని చోటు చూసుకుని నిలబడ్డారు. రెండున్నర నెలల్లో పెద్ద దొరగారు జమీ చూడటానికి వస్తున్నారట. నలభై మంది బంట్రోతులు బూట్లు తొడుక్కుని వరసగా నిలబడాలట. "మీ వాడకే ఇప్పిస్తున్నానురా. తోలు కచేరీ నుంచే వస్తుంది. ఇవి కుదిరాయా, ఇక ఏటేటా ఈ పని మీదే. కుదరలేదా, కలకత్తా నుంచి రైల్లో తెప్పించుకుంటాం."

నలభై జతలు! ఏటేటా! మా నాన్న మూట విప్పేశాడు. ఆరె తీసి మళ్ళీ చూరులో గుచ్చాడు. మా అమ్మ వైపు తిరిగి, "ఇవి కుదిరితే నాను ఎక్కడికీ ఎల్లను. నీ మీదొట్టు," అన్నాడు. మా అమ్మ చీర చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అది సంతోషపు ఏడుపమ్మా. కడుపులో ఉన్న నాకు తండ్రి దక్కాడని ఏడ్చింది...

అమీనుగారు నమూనాకు దొరల పాత బూటొకటి విసిరి వెళ్ళారు. నాన్న దాన్ని కుట్టు కుట్టు విప్పి, ముక్కలన్నీ చాప మీద పరిచి, రెండు రోజులు అన్నం కూడా సరిగా తినకుండా చూశాడు. మూడో రోజు తాత దగ్గరకు వెళ్ళి, "అయ్యా, ఇది ఇసక పని కాదు," అన్నాడు.

ఈ ఇసుక సంగతి చెప్పాలి మీకు. మమ్మల్ని ఊరివాళ్ళు ముట్టుకోరు కదా. ముట్టుకోని మనిషి కాలికి చెప్పు కొలత తియ్యడం ఎలా? దానికి మా వాళ్ళు తాతల నాడే ఒక దారి కనిపెట్టారు. వాకిట్లో ఇసుక జల్లెడ పట్టి, తడిపి చదును చేసి ఉంచుతారు. వచ్చినాయన దాని మీద అడుగు వేసి వెళ్ళిపోతాడు. ఆయన దూరం పోయాక, మా వాళ్ళు ఆ అడుగు మీద తాటాకు పరిచి, పొడవూ వెడల్పూ గంట్లు పెట్టుకుంటారు. ఆ ఆకుకు ఆ మనిషి పేరు. మా తాత చూరు నిండా అలాంటి ఆకులే! ఎవరి కాలూ ముట్టుకోకుండా నలభై ఏళ్ళు కుట్టాడు, ఒక్క చెప్పు తిరిగి రాలేదు. ఆ గర్వం ఆయన మీసంలో ఉండేది.

"సెప్పుకి కాలి కింద సూత్తే సాలు," అన్నాడు నాన్న. "బూటు కాలి మీదకి ఎక్కుతాది అయ్యా. పాదం ఎంత ఎత్తుందో ఇసక సెప్పదు. దారం సుట్టాల. కాలు పట్టుకోవాల."

"ఎవుల కాలురా పట్టుకుంతావు? ఆళ్ళ కాలా?" తాత నవ్వాడు. "పట్టుకో, పట్టుకో. తరవాత నీ సేతులుంతాయో నేదో సూసుకో!"

కొలతల రోజు రానే వచ్చింది. నలభై మంది బంట్రోతులూ వాడ బయట వేపచెట్టు కింద నిలబడ్డారు. వాళ్ళకు పెద్ద జమేదారు సూర్యం. ఆరడుగుల మనిషి, చెడ్డవాడు కాదు, నవ్వుతూ మాట్లాడేవాడు. నాన్న చేతిలో దారపు ఉండ పట్టుకుని, పది అడుగుల దూరంలో మోకాళ్ళ మీద కూర్చుని అడిగాడు. "బాబూ, ఒక్క పాలి దారం సుట్టనియ్యండి. అరక్షణం. నేకపోతే బూటు పట్టదు."

నలుగురు వెనక్కు గెంతారు. ఒకడు, "వీడికి బూట్లు కుట్టమంటే కాళ్ళు పిసుకుతానంటాడేట్రా!" అని ఇకిలించాడు. సూర్యం చిరునవ్వుతోనే తల అడ్డంగా ఊపాడు. "కాదులే సింహాద్రీ. ఇసకలో తీసుకో."

అప్పుడు లేచింది మా నాయనమ్మ! ఆమె మంత్రసాని. చుట్టుపక్కల ఊళ్ళలో సగం పురుళ్ళు ఆమె చేతి మీదే. పురిటి గదిలో ఆ చెయ్యి అందరికీ కావాలి, ఆ గది దాటితే ఎవరికీ అక్కర్లేదు.

"సూర్యం బాబూ!" అంది, నడుం మీద చెయ్యి పెట్టుకుని. "నువ్వు ఎదురుకాళ్ళతో పుట్టినావు. మీ యమ్మ రెండు దినాలు పడిన నొప్పి నాకు ఎరికే. తల్లీ బిడ్డా దక్కరనీసి మీ నాయిన నెత్తి బాదుకుంతుంటే, నీ రెండు పాదాలూ ఇగో, ఈ సేతుల్తో పట్టుకుని ఈ లోకంలోకి లాగినాను! నిన్ను మొదట ముట్టుకున్నది నాను. ముట్టుకున్నది నీ కాళ్ళనే! ఆ కాలు ఇయ్యాల నా కొడుకు ముట్టుకుంతే మైల పడిపోద్దా?"

సూర్యం మొహం ఎర్రబడింది. కాలి వేళ్ళు ముడుచుకున్నాయట, మా అమ్మ తాటాకుల మోపు చాటు నుంచి చూసింది. కుడి కాలు బెత్తెడు ముందుకు కదిలింది కూడానట... అంతలోనే ఆగి, కాస్త అవతల నిలబడ్డ అమీనుగారి వైపు చూశాడు.

అమీనుగారు దగ్గారు. "పురిటి మైల పురిటితోనే కడిగేశారే రాజులమ్మా. పాత పురుళ్ళు తవ్వకు."

"నోరు మూసుకోవే!" అని తాత కూడా నాయనమ్మ మీదే అరిచాడు. "నలుగురిలో నా పరువు తీత్తావా? ఇసక నేదా? నాను నేనా?"

సూర్యం తల వంచుకుని, అక్కడ పరిచి ఉంచిన తడి ఇసుకలో అడుగు వేశాడు. వెనకాలే మిగతా ముప్పై తొమ్మిది మందీ.

ఇసుక చదును చెయ్యడం, తాటాకులు కొయ్యడం మా అమ్మ పని. ఒక్కో అడుగూ చెరిపేసే ముందు ఆమె వంగి చూసేది. ఆ అడుగుల్లో కొన్నింటికి మడమ పడింది, వేళ్ళు పడ్డాయి, నడుమ మాత్రం ఇసుక ఇసుకలాగే ఉండిపోయింది. కొన్ని అడుగులు చపాతీలా మొత్తం అచ్చు పడ్డాయి. ఆమెకు ఒక్కసారి తట్టింది. నడుమ అచ్చు పడని కాలంటే కింద గుల్ల. కింద గుల్ల అయితే పైన ఎత్తు! ఇసుక పూర్తిగా చెప్పదు గానీ, చూసేవాళ్ళకు సగం చెబుతోంది! ఎత్తు కాళ్ళ ఆకుల మీద గోటితో గీత గీసిపెట్టింది. నలభైలో ఇరవై ఆరు.

చెప్పాలి. కానీ మావకు కోడలు ఎలా చెబుతుంది? ఆ కాలంలో కోడలు మావ ఎదుటపడదు, మావతో నోరు విప్పదు. మరీ అవసరమైతే మధ్యలో ఇంకొకరిని పెట్టుకోవాలి. మనిషి లేకపోతే మేకైనా సరే! నవ్వకండమ్మా, మా ఇళ్ళలో అలాగే ఉండేది. తాత వాకిట్లో తోలు కోస్తున్నాడు. పక్కన మేక కట్టేసి ఉంది. మా అమ్మ ముసుగు లాక్కుని మేక పక్కన కూర్చుంది.

"ఓలె మేకా! నడుమ అచ్చు పడని కాలు ఎత్తు కాలే. దాని మీదకి తోలు ఎక్కువ ఒగ్గాల. గీత గీసిన ఆకులన్నీ అలాటివే. ఎవులికైనా సెప్పవే!"

తాత రంపె ఆపలేదు. ఆయన కూడా మేకతోనే అన్నాడు. "ఓసి మేకా! నలభై ఏళ్ళ బట్టీ ఇసక నాకు అబద్దం సెప్పనేదు. మొన్నొచ్చిన మేకలు గడ్డి మెయ్యాల గానీ తోలు కొలతలు సెప్పకూడదని మీ యమ్మకి సెప్పు!"

చుట్టూ పనిలో ఉన్న మగవాళ్ళంతా ఘొల్లున నవ్వారు. మేక అటూ ఇటూ చూసి "మే" అంది. మళ్ళీ నవ్వులు! మా అమ్మ కూడా ముసుగులో నవ్వింది, సిగ్గుతో. ఆ నవ్వు తలుచుకుని జీవితమంతా కుమిలిపోయింది. "ఆ పొద్దు నాను నవ్వకుండా ఏడిసుంతే, ఒకేళ ఇనేవోడేమోనే నూకరత్నం," అనేది నాతో...

ఆమె నాన్నకూ చెప్పింది. నాన్న వెళ్ళి తాతను బతిమాలాడు. "ఎక్కువ తోలు ఒగ్గితే వదులైపోద్ది, వదులైతే పరువు పోద్ది," అన్నాడు తాత. పెద్దవాడి మాట దాటి రంపె వేసే ధైర్యం ఆ వాడలో ఎవరికుంది? తాటాకు కొలతలకు సరిగ్గా కొయ్య అచ్చులు చెక్కారు. వాడ వాడంతా రెండు నెలలు ఒక్క ఇల్లులా పనిచేసింది. ఆడవాళ్ళు దారానికి మైనం పట్టించారు, ముసలాళ్ళు అడుగు తోళ్ళు దంచారు. నలభై జతలు నూనె పట్టించి వరసగా పెడితే, నల్ల కాకులు బారులు తీరి కూర్చున్నట్టుండేవట! నాన్న ఒక్కో జత చేతిలోకి తీసుకుని, లోపల వేళ్ళు పెట్టి చూసుకుని, తల అడ్డంగా ఊపి కింద పెట్టేవాడు. అది చూసి మా అమ్మకు అన్నం దిగేది కాదు.

దొరగారు రావడానికి మూడు రోజుల ముందు, కచేరీ వాకిట్లో తొడిగి చూశారు. నాన్నా తాతా దూరంగా గోడవతల నిలబడ్డారు. వేళ్ళు లోపలికి పోయాయి. పాదం సగం పోయింది. అక్కడ ఆగిపోయింది! లాగారు, నేల మీద కూలబడి లాగారు, ఒకరి బూటు ఇంకొకరు తన్ని ఎక్కించబోయారు. పద్నాలుగు మందికి ఎలాగో దిగాయి. ఇరవై ఆరు మందికి దిగలేదు. సూర్యం అందరికంటే ఎక్కువసేపు లాగాడట. మడమ తోలు లేచి రక్తం వచ్చినా లాగాడట. పంతానికి కాదమ్మా... ఎలాగైనా పట్టాలని, ఆ మనిషి మనసులో ఏముందో! చివరికి బూటు చేత్తో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. తల ఎత్తలేదు.

"కలకత్తాకు తంతి కొట్టండి," అన్నారు అమీనుగారు. అంతే!

నలభై జతలూ గోనెల్లో వేసి బండి మీద తెచ్చి మా వాడ మొదట్లో కుమ్మరించి పోయారు. తాత ఆ కుప్ప ముందు కూర్చున్నాడు. ఎండ ఎక్కింది, దిగింది, ఆయన లేవలేదు. నాన్న వెళ్ళి పక్కన కూర్చున్నాడు. తిడతాడని, కొడతాడని వాడంతా గుమ్మాల్లోకి వచ్చి చూసింది.

"నీ తప్పు కాదు అయ్యా," అన్నాడు నాన్న. "కాలు ఇయ్యనోడికి బూటు కుట్టడం దేవుడి తరం కూడా కాదు."

ఆ మాటకు మా తాత, మీసం మీద నిమ్మకాయ నిలిపే మా తాత, పసిపిల్లాడిలా ఏడ్చాడు.

ఆ వారమే నాన్న మూట మళ్ళీ కట్టాడు. ఈసారి నాయనమ్మ గుండెలు బాదుకోలేదు, అడ్డం వెళ్ళలేదు. ఏమని ఆపుతుంది? మా అమ్మ మాత్రం, "బారువ దాకా నానూ వత్తాను," అంది. అప్పటికి ఆరో నెల. రంగం వెళ్ళే స్టీమరు బారువ దగ్గర ఆగేది. సోంపేట దాకా రైలు, అక్కడి నుంచి ఇసుక దారిన నడక.

ఆ మాట అంటుండగా, ఎన్నడూ లేనిది, తాత గడప దాటి ఆమె ఎదురుగా వచ్చాడు. ముసుగు లాక్కోబోయింది. "ఒద్దు తల్లీ," అన్నాడు. కింద కూర్చున్నాడు. "నీ కాలు ఇయ్యి."

మా అమ్మ కాళ్ళు చీర కిందికి లాక్కుంది. "అయ్యో, మావా! పాపం! నా కాళ్ళు నువ్వు ముట్టుకుంతే నానెక్కడికి పోను!"

"మేకతో సెప్పిన మాట నాను ఇన్నాను అమ్మీ. ఇనీసి, నవ్వినాను." అన్నాడు తాత. "ఇరవై ఆరు ఆకుల మీద గీత పెట్టినావు. సరీగ్గా ఇరవై ఆరు! నా నలభై ఏళ్ళూ ఆ గీతలకి సాలవు. ఆ ఇసకలో కడుపుతో నడుత్తావు... సెప్పులు కుట్టే ఇంటికొచ్చినావు గానీ నీ కాలికి సెప్పు నేదు. ఇయ్యి తల్లీ, నీ కాలు. నా నోటితో అడుగుతున్నాను."

ఆమె గోడకు చేరగిలి, కళ్ళు గట్టిగా మూసుకుని, కాలు ముందుకు చాపింది. మా తాత ఆ పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని దారం చుట్టాడు. నలభై ఏళ్ళ పనివాడు, మనిషి కాలిని చేత్తో పట్టుకుని కొలత తియ్యడం అదే మొదటిసారి! వేళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియక తడబడ్డాయట. మావా కోడలూ ఇద్దరూ ఏడుస్తున్నారు, నాయనమ్మ గడపలో కూర్చుని ఏడుస్తోంది, మధ్యాహ్నానికల్లా జత తయారైంది.

బారువ ఒడ్డున ఆ రోజు గాలి ఎక్కువ. స్టీమరు దూరంగా పొగ వదులుతూ నిలబడి ఉంది. దాని దాకా మనుషుల్ని చేర్చడానికి జాలరి వాళ్ళు పడవలు అలలకు ఎదురు తిప్పుతున్నారు. నాన్నా అమ్మా ఇసుకలో పక్కపక్కన నిలబడ్డారు.

"ఏటైనా సెప్పు," అన్నాడు నాన్న.

"నానేటి సెప్పను..." మా అమ్మకు వెక్కిళ్ళు ఆగలేదు. "నాను గట్టిగా సెప్పాల్సింది. మేకతో కాదు, మావతోనే సెప్పాల్సింది. సిగ్గుపడి నిన్ను పోగొట్టుకున్నాను!"

"పిచ్చిదానివేటే! నీ మాట ఇనుంతే ఇంకో పదారు జతలు పట్టేవి. పది తప్పినా పొమ్మనేవోరే. నీ తప్పు ఏటీ నేదు." మూట భుజానికెత్తుకుని, "మూడేళ్ళు. మూడేళ్ళలో ఒచ్చీత్తాను. కడుపులో గుంట పరిగెట్టే ఈడుకి నానుంతాను," అన్నాడు.

"ఎక్కండెహె! అల తగ్గినాది!" అని సన్యాసి అనే జాలరి కేక వేశాడు. నాన్న నీళ్ళలోకి దిగాడు. మోకాలు, నడుము, ఛాతీ... ఎవరో చెయ్యి అందించి పడవలోకి లాగారు. మా అమ్మ అక్కడే నిలబడింది. ఆపే నోరు లేదు, వెంట పోయే వీలు లేదు, తిరిగి రావడానికి కాళ్ళు లేవు... సముద్రం ముందు ఆడది ఏం చేస్తుందమ్మా!

మూడు నెలలకు నేను పుట్టాను. మా నాయనమ్మే నన్ను చేతుల్లోకి తీసుకుంది.

తాత అప్పటి నుంచి వాకిట్లో ఇసుక పొయ్యడం మానేశాడు. చెప్పులకు ఎవరొచ్చినా, "కాలు నా ఒళ్ళో పెట్టాల. పెడితే కుడతాను. పెట్టకపోతే రైల్లో ఒచ్చినయ్యి కొనుక్కో," అనేవాడు. ఉద్దానం రైతులు తిట్టుకుంటూ వెనక్కు పోయారు. జాలరి వాళ్ళు మాత్రం నవ్వుతూ కాలు చాపేవారు, కానీ వాళ్ళకు ఏడాదికి ఎన్ని చెప్పులు కావాలి! జమేదారు సూర్యం ఒకసారి వాడ చివరిదాకా వచ్చి, చాలాసేపు నిలబడి, ఏమీ అడగకుండానే వెళ్ళిపోయాడు. వాడలో ఒక్కో లందా ఎండిపోయింది. కొందరు రంగం పోయారు, కొందరు రైలు కట్టల మీద రాళ్ళు కొట్టడానికి పోయారు. మా అమ్మ నౌపడ ఉప్పు మళ్ళలో తట్టలు మోసింది. ఉప్పునీటికి అరికాళ్ళు పగిలి, సాయంత్రం ఇంటికొచ్చేసరికి అడుగు తీసి అడుగు వెయ్యలేకపోయేది.

"నా పంతానికి నీ కాళ్ళు పుండయిపోతున్నాయి అమ్మీ," అన్నాడు తాత ఒక రోజు. "మళ్ళీ ఇసక పొయ్యమంతావా? నువ్వు పొయ్యమంతే పోత్తాను."

"ఒద్దు మావా," అంది మా అమ్మ. ఎదురుగా నిలబడి, ముసుగు లేకుండా. "నీ కొడుకుని కాలు ముట్టుకోనియ్యనేదని ఏడిసిన ఇల్లిది. మానకు."

తాత పోయేదాకా మానలేదు. ఆమె పోయేదాకా ఆ మాటకు బాధపడలేదు.

నాన్న దగ్గర నుంచి ఉత్తరాలు రెండే వచ్చాయి. స్టేషను దగ్గర టపా మనిషి చదివిపెట్టాడు. మొదటిదాంట్లో ఒక చీనావాడి బూట్ల కొట్లో పని దొరికిందని. రెండోది నాకు నాలుగో ఏట వచ్చింది. సెలవు ఇవ్వడం లేదని, పిల్ల కాలి కొలత పంపమని. మా అమ్మ నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, నా కాలు ఒళ్ళోకి తీసుకుని, దారం పెట్టి పొడవుకొక ముడి, వేళ్ళ చుట్టుకొలతకు ఒక ముడి, పాదం ఎత్తుకు ఒక ముడి వేసింది. ఆ దారాన్ని కాగితంలో మడిచి పంపింది. ఆ తర్వాత ఏళ్ళు గడిచాయి గానీ కబురు లేదు...

నాకు ఏడో ఏడు నడుస్తుండగా, కవిటి మనిషి దానయ్య అనేవాడు రంగం నుంచి తిరిగొస్తూ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. చేతిలో చిన్న గుడ్డమూట. మా అమ్మ చేతికిచ్చి, నేల చూపులు చూశాడు.

"మీ ఆయన కుట్టినయ్యమ్మా. దారం ఒచ్చిన నెలలోనే కుట్టీసినాడు. టపాలో పంపీరా అంతే, ఒద్దు, నా సేత్తో నానే తొడగాల అనీసి పెట్టెలో దాసుకున్నాడు. ఈ ఏడు ఎల్తాను, వచ్చే ఏడు ఎల్తాను అనీవోడు. అక్కడ దొరైనా సేటైనా కాలు మీ ఆయన ఒళ్ళో పెట్టాల్సిందే. కాలు పట్టుకున్నప్పుడల్లా, మా గుంట కాలు ఇందులో సగం ఉంతాది అనీవోడు..." దానయ్య భుజం మీది తుండుతో కళ్ళు తుడుచుకున్నాడు. "మొన్న వానల్లో జొరం తగిలింది తల్లీ. నాలుగు దినాలు. నానే దగ్గరున్నాను."

నాయనమ్మ నేల మీదికి ఒరిగిపోయింది. మా అమ్మ మాత్రం ఏడవలేదు. గుడ్డ విప్పింది. ఎర్రటి తోలుతో చిన్న బూట్లు, వాటిలో ఆమె పంపిన ముడుల దారం! కుట్టు కనిపించనంత సన్నటి పని. నన్ను కూర్చోబెట్టి, నా కాలు ఒళ్ళో పెట్టుకుని తొడిగింది. వేళ్ళు పోయాయి. పాదం పోలేదు. తీసింది, కాలు చీర చెంగుతో తుడిచింది, మళ్ళీ తొడిగింది. మడమ రెండు వేళ్ళ మందం బయటే ఉండిపోయింది. నేను పెరిగిపోయాను కదమ్మా! మూడేళ్ళు పెరిగిపోయాను!

"ఆయన కొలత తప్పనేదే," అంది మా అమ్మ, ఆ దారం బూటుకు పెట్టి చూస్తూ. "ముడికి ముడి సరిపోనాది. సూడు." అప్పుడు మొదలైంది ఆమె ఏడుపు. తాత బతికుంటే ఆపేవాడేమో. ఎవరి వల్లా కాలేదు.

మూడు రోజుల తర్వాత ఆమె ఆ బూట్లు తీసుకుని పక్కింటికి వెళ్ళింది. పక్కింట్లో పెద్దతల్లి అని నాలుగేళ్ళ పిల్ల ఉండేది. ఆ పిల్ల కాలు ఒళ్ళో పెట్టుకుని తొడిగింది. సరిగ్గా పట్టాయి! ఆ పిల్ల వాకిట్లో టకటకా నడిచింది. నేను "నావి! నావి! మా నాన్నవి!" అని మన్నులో దొర్లి ఏడ్చాను. మా అమ్మ నన్ను ఎత్తుకుని గట్టిగా పట్టుకుంది. "దాసుకుంతే తోలు పగిలిపోద్ది అమ్మా. కాలికి తొడగడానికి కుట్టినాడు. తొడగనీ," అంది. ఎన్నో ఏళ్ళు ఆమె మీద కోపం పోలేదు నాకు. నాకు బిడ్డ పుట్టాక పోయింది.

ఇప్పుడు ఆ వాడ లేదు. లందలు పూడ్చి ఇళ్ళు కట్టారు. అక్కడ చెప్పులు కుట్టేవాళ్ళు ఉండేవారంటే ఎవరూ నమ్మరు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీ పిల్లలకు కొత్త జత కొన్నప్పుడు, ఆ చిన్న పాదం ఒళ్ళో పెట్టుకుని తొడుగుతూ ఈ కథ చెప్పండి. సింహాద్రి అనే మనిషి ఉండేవాడని, అతని భార్య పేరు వరహాలమ్మ అని, తంగేడువాడ అనే ఊరు ఉండేదని చెప్పండి. తక్కినవి మరిచిపోయినా సరే గానీ తల్లీ, పేర్లు మాత్రం తప్పు చెప్పకండి.